ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల ఫ్లోరోసిస్ – వైద్య, దంత చికిత్సల్లో వ్యాపత్తుల నివారణ: చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

చికిత్స వికటించినప్పుడు కారణాన్ని సాధారణంగా వైద్యుని చేతిలోనో మందులోనో వెదుకుతాం. రోగి శరీరం చికిత్సకు ముందే ఎలా మారి ఉన్నదన్న ప్రశ్న వెనుకబడుతుంది. నెల్లూరు జిల్లా పడమటి భాగమైన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో తాగునీటిలోని ఫ్లోరైడ్ తరతరాలుగా పళ్ళనూ ఎముకలనూ మార్చింది. ఈ మార్పును నెల్లూరు పేరుతోనే 1937లో వైద్య పరిశోధకులు ప్రపంచానికి తెలిపారు. అయినా ఆ జ్ఞానం నీటి సరఫరా సమస్యగా స్థిరపడినంతగా శస్త్రచికిత్స, మత్తు వైద్యం, దంతవైద్యాలకు సంబంధించిన ముందుజాగ్రత్తగా స్థిరపడలేదు. హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ల నుండి 2008 నాటి మూడు పత్రాల వరకు సాగిన చరిత్రను పరిశీలించి, పడమటి నెల్లూరులో వ్యాపత్తుల నివారణ ‘పూర్వకర్మ’ దశలోనే మొదలు కావాలని ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: ఫ్లోరోసిస్, ఉదయగిరి, ఆత్మకూరు, వ్యాపత్తు, పూర్వకర్మ, క్లోరోఫారం కమిషన్, మత్తు వైద్యం, దంతవైద్యం.

1. ప్రవేశిక

‘ఆపరేషన్ వికటించింది’, ‘ఇంజెక్షన్ వికటించి ప్రాణాపాయం’ వంటి మాటలు తెలుగు దినపత్రికల పాఠకులకు పరిచితమైనవే. ‘వికటించు’ అనే క్రియ చికిత్స దారి తప్పిందని చెబుతుంది కాని, ఎక్కడ, ఏ దశలో దారి తప్పిందో చెప్పదు. ఆయుర్వేద పరిభాష ఈ విషయంలో మరింత నిశితమైనది. ఒక రోగాన్ని అనుసరించి పుట్టే మరో బాధ ‘ఉపద్రవం’. చికిత్సా ప్రక్రియ సరిగా జరగక కలిగే కీడు ‘వ్యాపత్తు’. చరకసంహితలోని సిద్ధిస్థానం వమన విరేచనాల వ్యాపత్తులకూ, వస్తికర్మ వ్యాపత్తులకూ ప్రత్యేక అధ్యాయాలనే కేటాయించింది. సుశ్రుతసంహిత సూత్రస్థానం అయిదవ అధ్యాయం శస్త్రకర్మను పూర్వకర్మ, ప్రధానకర్మ, పశ్చాత్కర్మ అని మూడుగా విభజించింది.

ఈ విభజనను ఆధునిక వైద్యానికి అన్వయిస్తే ఒక చారిత్రక విషయం స్పష్టమవుతుంది. పందొమ్మిదో శతాబ్ది చివర వైద్యలోకం దృష్టి ప్రధానకర్మ మీద, అంటే చికిత్స జరుగుతున్న క్షణాల మీద నిలిచింది. రోగిని చూడవలసింది ఆ క్షణాలలోనే కాదనీ, అతడు తాగిన నీటి నుండే చూడాలనీ చెప్పగల ఆధారం 1937లో నెల్లూరు జిల్లాలో దొరికింది. మొదటి చర్చకు హైదరాబాదు, రెండవ ఆధారానికి నెల్లూరు వేదికలు కావడం గమనార్హం. ఈ రెంటినీ కలిపి చదివినప్పుడే ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల రోగికి కావలసిన ముందుజాగ్రత్త ఏమిటో తెలుస్తుంది. ప్రచురిత వైద్య పరిశోధనలు, ప్రభుత్వ కార్యక్రమాల విధివిధానాలు ఈ పరిశీలనకు ఆధారాలు.

2. ప్రధానకర్మ మీద చూపు: హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లు

క్లోరోఫారం 1847లో శస్త్రచికిత్సలోకి ప్రవేశించింది. మరుసటి ఏడాది జనవరిలోనే ఇంగ్లండులో పదిహేనేళ్ళ బాలిక కాలిగోరు తొలగించే చిన్న చికిత్సలో ఆ మత్తు వల్ల మరణించింది. పెద్ద శస్త్రచికిత్సల్లోనే కాక, పన్ను పీకడం వంటి స్వల్ప ప్రక్రియల్లోనూ మరణాలు సంభవించడం వైద్యులను కలవరపెట్టింది. క్లోరోఫారం చంపేది గుండెను ఆపి చంపుతుందా, శ్వాసను ఆపి చంపుతుందా అన్నది నాటి వివాదం. ఇది సిద్ధాంత చర్చ మాత్రమే కాదు. మత్తు ఇచ్చే వ్యక్తి వేలు నాడి మీద ఉండాలా, చూపు ఛాతీ కదలిక మీద ఉండాలా అన్నది ఈ ప్రశ్నకు వచ్చే సమాధానాన్ని బట్టి ఉంటుంది.

హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ శ్వాస పక్షం వహించాడు. ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ వద్ద నేర్చిన పద్ధతి ఆయనది. ఆయన ఆధ్వర్యంలో 1888లో మొదటి హైదరాబాదు క్లోరోఫారం కమిషన్ జంతువుల మీద ప్రయోగాలు చేసి, శ్వాస ఆగిన తరువాతే గుండె ఆగుతుందని తేల్చింది. లండన్ నుండి వెలువడే లాన్సెట్ పత్రిక ఈ నిర్ణయాన్ని సందేహించింది. ఆ పత్రిక తన ప్రతినిధిని పంపడానికి ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1000 పౌండ్లు మంజూరు చేశాడు. ప్రసిద్ధ ఔషధశాస్త్రవేత్త లాడర్ బ్రంటన్ 1889లో హైదరాబాదు వచ్చి రెండవ కమిషన్‌లో పాల్గొన్నాడు. వందలాది జంతువుల మీద జరిగిన ఆ ప్రయోగాలూ లారీ పక్షాన్నే బలపరిచాయి. హైదరాబాదు వైద్య పాఠశాలలో చదివి, మత్తు వైద్యంలో ప్రపంచంలోనే తొలి మహిళల్లో ఒకరిగా గుర్తింపు పొందిన రూపాబాయి ఫర్దూంజీ ఈ ప్రయోగాల కాలపు మనిషే.

కమిషన్ నిర్ణయం పూర్తిగా నిలవలేదు. తేలికపాటి క్లోరోఫారం మత్తులోనే గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించాడు. అయినా హైదరాబాదు ప్రయత్నానికి ఒక శాశ్వతమైన విలువ ఉన్నది. చికిత్సలో సంభవించే మరణం విధిలిఖితం కాదనీ, దానికి వెదకదగిన కారణం, గమనించదగిన సూచన, నివారించదగిన క్రమం ఉంటాయనీ అది తెలుగు నేల మీద నిలబడి వాదించింది.

ఆ వాదంలో ఒక లోపం కూడా ఉన్నది. ప్రయోగశాలకు వచ్చిన జంతువు ఆరోగ్యంగా ఉన్నదనీ, దాని ఛాతీ యథావిధిగా విచ్చుకుంటుందనీ ఇరుపక్షాలూ ముందే అంగీకరించుకున్నాయి. శ్వాసను చూడమన్న లారీ బోధ, పక్కటెముకలు వెన్నుపూసలతో కలిసే కీళ్ళు సులువుగా కదిలే శరీరానికి సరిపోతుంది. ఆ కీళ్ళే బిగుసుకుపోయిన మనుషులు ఉన్న ఊళ్ళు నెల్లూరు జిల్లాలో ఉన్నాయని వైద్యలోకానికి తెలియడానికి మరో అర్ధశతాబ్ది పట్టింది.

3. ప్రాంత నేపథ్యం: రాయి, నీరు, మనిషి

నెల్లూరు జిల్లా అనగానే పెన్నా డెల్టా, వరిచేలు గుర్తుకు వస్తాయి. పడమటి భాగం స్వభావం వేరు. వెలిగొండల పాదాల వెంట ఉదయగిరి, దాని ఆగ్నేయంగా పెన్నా దిశలో ఆత్మకూరు ఉన్నాయి. గజపతుల నుండి శ్రీకృష్ణదేవరాయలు 1514లో గెలుచుకున్న దుర్గంగా ఉదయగిరి చరిత్ర పాఠాలలో నిలిచింది. ఆ దుర్గం చుట్టూ ఉన్న పల్లెలకు మాత్రం ఆధారం వానచెరువు, బావి, ఆపైన బోరు. సోమశిల జలాశయం ఆత్మకూరు వైపు కొంత భూమిని తడిపినా, మెట్ట గ్రామాలలో తాగునీటికి భూగర్భజలమే చాలాకాలం దిక్కయింది.

ఈ నేల కింద ఉన్నది గ్రానైటు, నైస్, షిస్టు జాతుల కఠినశిల. నెల్లూరు అభ్రకపు మేఖల గూడూరు, రాపూరులతో పాటు ఆత్మకూరు వరకూ విస్తరించింది. అభ్రకం, అపటైట్, ఫ్లోరైట్ వంటి ఖనిజాలలో ఫ్లోరిన్ ఉంటుంది. వాన తక్కువై, నీరు రాతి పగుళ్ళలో ఎక్కువ కాలం నిలిచినప్పుడు ఆ ఫ్లోరిన్ నీటిలోకి దిగుతుంది. నీరు క్షారగుణం కలిగి, సున్నపు అంశం తక్కువగా ఉంటే ఫ్లోరైడ్ మరింత పేరుకుంటుంది. ఉదయగిరి, వరికుంటపాడు, కొండాపురం, దుత్తలూరు, మర్రిపాడు మండలాల పేర్లు ఫ్లోరైడ్ సమస్యతో ముడిపడి తరచు వినిపించడానికి మూలం ఇదే. బోరు లోతు పెరిగిన కొద్దీ సమస్య తీరుతుందన్న ఆశ కూడా కఠినశిలా ప్రాంతాలలో చాలాచోట్ల నిజం కాలేదు.

భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మి.గ్రా. మించకపోవడం వాంఛనీయం. మరో నీటి ఆధారం లేనప్పుడు 1.5 మి.గ్రా. వరకు అనుమతి ఉన్నది. అయితే ఎండలో పొలంపని చేసే మనిషి తాగే నీరు చల్లని దేశంలోని ఉద్యోగి తాగే నీటికంటే చాలా ఎక్కువ. కనుక ఒకే అంకె రెండుచోట్లా ఒకే మోతాదును సూచించదు.

4. 1937: వైద్య సాహిత్యంలో నెల్లూరు

పంటి మీది గారకు నీటితో సంబంధం ఉండవచ్చునన్న అనుమానం అమెరికాలో మొదలయింది. కొలరాడో స్ప్రింగ్స్‌లో 1901 నుండి పనిచేసిన దంతవైద్యుడు ఫ్రెడరిక్ మెకే అక్కడి పిల్లల పళ్ళ మీది గోధుమరంగు మచ్చలను ఏళ్ళ తరబడి పరిశీలించాడు. ఆ మచ్చలకు కారణం నీటిలోని ఫ్లోరిన్ అని 1931లో రసాయన పరీక్షల వల్ల తేలింది. డెన్మార్కులో క్రయొలైట్ కర్మాగార కార్మికుల ఎముకలు అసాధారణంగా గట్టిపడడాన్ని మోలర్, గుడ్‌జాన్సన్ 1932లో వెల్లడించారు. పన్ను ఒకచోట, ఎముక మరోచోట అన్నట్టు విషయం రెండు ఖండాలలో విడిగా బయటపడింది.

ఆ రెండూ ఒకే జనసమూహంలో, ఒకే నీటి వల్ల కనిపించిన చోటు నెల్లూరు. మద్రాసు ప్రెసిడెన్సీలో పశువుల ఫ్లోరోసిస్‌ను 1935లో విశ్వనాథన్ వివరించాడు. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, నాయర్‌లు మద్రాసు ప్రెసిడెన్సీలోని స్థానిక ఫ్లోరోసిస్‌ను గూర్చి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసర్చ్‌లో పత్రం ప్రకటించారు. అదే ఏడాది షార్ట్, పండిట్, రాఘవాచారి నెల్లూరు జిల్లా పేరునే శీర్షికలో చేర్చి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో మరో పత్రం వెలువరించారు. షార్ట్, పండిట్‌లు గిండీలోని కింగ్ సంస్థకు చెందినవారు. సి. జి. పండిట్ తరువాతి కాలంలో భారతీయ వైద్య పరిశోధన మండలి తొలి డైరెక్టర్ అయ్యాడు. అప్పటి నెల్లూరు జిల్లాలో కనిగిరి, పొదిలి తాలూకాలు కూడా ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి అందులో కలిశాయి. ఉదయగిరి, ఆత్మకూరు నెల్లూరులోనే మిగిలాయి. కనుక ‘నెల్లూరు ఫ్లోరోసిస్’ అన్న మాటను నేటి సరిహద్దులతో కాక నాటి సరిహద్దులతో చదవాలి.

ఈ పరిశోధకులు చిత్రించిన రోగి బాల్యంలో పళ్ళు గారపట్టినవాడు. నడివయసు నాటికి నడుము పట్టేసి, మెడ తిరగక, వంగి నడిచేవాడు. మరికొందరిలో వెన్నుపాము నలిగి కాళ్ళు చచ్చుబడేవి. ఎక్స్‌రేలో వెన్నుపూసలు సున్నపుముద్దల వలె తెల్లగా, వాటిని కలిపే సంధిబంధాలు ఎముకలుగా మారి కనిపించేవి. పండిట్ బృందం 1940లో ఆహారలోపం, ముఖ్యంగా విటమిన్ సి లోపం, ఈ వ్యాధి తీవ్రతను పెంచుతుందని సూచించింది. నీరు ఒకటే అయినా పేదవాడి వెన్ను ముందుగా బిగుస్తుందన్న సామాజిక సత్యం ఆ సూచనలో ఉన్నది.

ఆ తరువాతి కృషి ప్రధానంగా నీటి శుద్ధి దిశలో సాగింది. రాఘవాచారి, వెంకటరామనన్‌లు 1940లోనే ఫ్లోరైడ్ తొలగింపు పద్ధతులను చర్చించారు. వరిపొట్టు బొగ్గుతో నీటిని వడకట్టే ప్రయోగాలు 1950ల ఆరంభంలో జరిగాయి. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి తేర్చే ‘నల్గొండ పద్ధతి’ని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించింది. ఇవన్నీ అత్యవసరమైన ప్రయత్నాలే. అయితే నీరు మారినా, అప్పటికే మారిన శరీరం మారదు. ఆ శరీరం పన్ను నొప్పితోనో, కాన్పుకో, విరిగిన తుంటికో ఆసుపత్రికి వస్తూనే ఉంటుంది. అక్కడ ఏమి జరుగుతుందన్నది నీటి శాఖ ప్రశ్న కాదు, వైద్యుని ప్రశ్న.

5. మారిన శరీరం – మారవలసిన చికిత్స

5.1. దంతచికిత్స

గారపట్టిన పళ్ళను ఇటుకపొడితోనో బొగ్గుపొడితోనో గట్టిగా తోమడం పల్లెల్లో పాత అలవాటు. ఫ్లోరోసిస్ మచ్చ పంటి పైన అంటిన మురికి కాదు. పన్ను చిగురులో రూపుదిద్దుకునే నాళ్ళలోనే పింగాణి పొర (ఎనామెల్) లోపల ఏర్పడిన లోపం. రాపిడి వల్ల మచ్చ పోదు, పొర అరుగుతుంది.

దంతవైద్యశాలలోనూ ఇదే పొరపాటు మరో రూపంలో జరగవచ్చు. ఫ్లోరోసిస్ పింగాణిలో పైపొర గట్టిగా ఆమ్లాన్ని నిరోధిస్తుంది, లోపలి భాగం గుల్లగా ఉంటుంది. పూతలు, పొరలు అతికించే ముందు ఫాస్ఫారిక్ ఆమ్లంతో పంటిని గరుకు చేస్తారు. సాధారణ పంటికి సరిపోయే వ్యవధి ఇక్కడ చాలకపోవచ్చు, అతుకు ఊడిపోవచ్చు. అందుకే తీవ్రమైన సందర్భాలలో పైపొరను కొద్దిగా తీసివేయడమో, ఆమ్లం వ్యవధిని పెంచడమో చేస్తారు. మచ్చలను తొలగించే సూక్ష్మఘర్షణ పద్ధతిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాడినప్పుడు చిగుళ్ళకు రబ్బరు తెర రక్షణ, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. తెల్లబరిచే మందులు గుల్లబారిన పంటిలోకి తేలికగా ఇంకి జివ్వుమనే బాధను పెంచవచ్చు. పన్ను తీసేటప్పుడు పెళుసైన పైభాగం పట్టకారు ఒత్తిడికి విరిగి వేరు లోపల మిగలవచ్చు.

దంతక్షయ నివారణకు పాఠ్యగ్రంథాలు ఫ్లోరైడ్‌ను సిఫారసు చేస్తాయి. అవి నీటిలో ఫ్లోరైడ్ తక్కువగా ఉన్న దేశాల అనుభవం నుండి వచ్చిన మాటలు. నీటిలోనే ఎక్కువగా ఉన్న ఊరి పిల్లవానికి ఫ్లోరైడ్ మాత్రలు రాయడం నివారణ పేరిట మోతాదును పెంచడమే. పళ్ళపొడి, పేస్టు, పూతల విషయంలోనూ పిల్లవాడు మింగకుండా చూడాలి. పిల్లవాడు తాగే నీటిని గురించి అడగకుండా ఈ నిర్ణయం చేయరాదు.

5.2. మత్తు వైద్యం

కనిపించే పంటి కంటే కనిపించని వెన్ను ఎక్కువ ప్రమాదకరం. పూర్తి మత్తులో శ్వాసనాళంలోకి గొట్టం వేయాలంటే మెడ వెనక్కు వంగాలి. మెడలోని సంధిబంధాలు ఎముకలుగా మారిన రోగిలో అది వంగదు, స్వరపేటిక కనిపించదు. బలవంతంగా వంచితే అప్పటికే ఇరుకైన వెన్నుకాలువలో వెన్నుపాము నలిగే ప్రమాదం ఉన్నది. పక్కటెముకల కీళ్ళు బిగుసుకుంటే ఛాతీ విచ్చుకోదు, శస్త్రచికిత్స తరువాత ఊపిరితిత్తులు కోలుకోవడం ఆలస్యమవుతుంది. లారీ చూడమన్న శ్వాసే ఇక్కడ రోగికి తొలి బలహీనత.

పూర్తి మత్తుకు ప్రత్యామ్నాయంగా ఆగస్ట్ బీర్ 1898లో ప్రయోగించిన వెన్ను మత్తు, అంటే జనవ్యవహారంలో ‘నడుముకు సూది’, నేడు సిజేరియన్ కాన్పులకూ తుంటి, కాలి శస్త్రచికిత్సలకూ ప్రధాన మార్గం. వెన్నుపూసల మధ్యనున్న సంధిబంధాల గుండా సూది పోవాలి. అవి ఎముకగా మారినచోట సూది దిగదు. పదేపదే ప్రయత్నిస్తే నొప్పి, రక్తస్రావం, నరాలకు గాయం వంటి చిక్కులు రావచ్చు. రోగి వంగలేకపోవడం ఈ కష్టాన్ని పెంచుతుంది. అంటే పూర్తి మత్తు కష్టమైనచోట ఆశ్రయించే మార్గం కూడా అదే కారణం వల్ల మూసుకుపోతున్నది. ఈ సంగతి ముందు రోజు తెలిస్తే అనుభవమున్న వైద్యుని, ఫైబరాప్టిక్ పరికరాన్ని సిద్ధం చేసుకోవచ్చు, పెద్దాసుపత్రికి పంపవచ్చు. బల్ల మీద తెలిస్తే మిగిలేది ఆందోళనే.

మూత్రపిండాలను కూడా మరువరాదు. శరీరంలో చేరిన ఫ్లోరైడ్ ప్రధానంగా వాటి ద్వారానే బయటకు పోతుంది. మెథాక్సీఫ్లూరేన్ అనే మత్తుమందు శరీరంలో విడగొట్టబడి ఫ్లోరైడ్‌ను విడుదల చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తుందని 1966 నుండి వచ్చిన నివేదికలు తేల్చడంతో, శస్త్రచికిత్సల్లో దాని వాడుక క్రమంగా ఆగిపోయింది.

5.3. వెన్ను, ఎముకల శస్త్రచికిత్స

వెన్నుపాము నలిగి కాళ్ళు చచ్చుబడిన రోగికి వెన్నుపూస వెనుక కప్పును తొలగించి ఒత్తిడి తగ్గించడం ఒక మార్గం. హైదరాబాదులో నరాల శస్త్రవైద్యుడు డి. రాజారెడ్డి ఫ్లోరోసిస్ వల్ల కలిగే నరాల సమస్యలను దశాబ్దాల పాటు పరిశీలించి రాశారు. ఈ వ్యాధిలో ఎముక దంతంలా గట్టిపడుతుంది. సంధిబంధం వెన్నుపాము పైపొరకు అంటుకుపోయి ఉండవచ్చు. సాధారణ పరికరం ఎముక అంచు కిందికి దూర్చడానికి చోటుండదు. పొర చిరిగి ద్రవం కారడం, ఉన్న కదలిక కూడా పోవడం ఇక్కడి వ్యాపత్తులు. ఒకచోట ఒత్తిడి తొలగినా వెన్ను పొడవునా ఇరుకు ఉండడం వల్ల ఫలితం అందరిలో ఒకేలా ఉండదు. చికిత్సకు ముందు రోగికి, కుటుంబానికి ఈ పరిమితిని చెప్పడం కూడా వ్యాపత్తు నివారణలో భాగమే.

5.4. నీరే చికిత్సా సాధనమైన చోట

రక్తశుద్ధి (డయాలసిస్) చికిత్సలో నాలుగు గంటల ఒక్క విడతలోనే సుమారు 120 లీటర్ల నీరు పలుచని పొరకు అవతల రక్తంతో సంబంధంలోకి వస్తుంది. నోటితో తాగే నీటికి ఉన్న హద్దు ఇక్కడ వర్తించదు. 1993లో అమెరికాలోని చికాగోలో నీటిశుద్ధి పరికరం పనితీరు క్షీణించి, ఫ్లోరైడ్ విషప్రభావంతో 12 మంది డయాలసిస్ రోగులు అస్వస్థులయ్యారు, వారిలో ముగ్గురు మరణించారు. భూగర్భంలోనే ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతంలో డయాలసిస్ కేంద్రానికి నీటి పరీక్ష ఎంత ముఖ్యమో దీన్ని బట్టి ఊహించవచ్చు.

6. పన్ను చెప్పని చోట: కోడళ్ళ సంగతి

గారపట్టిన పళ్ళు చూసి ఫ్లోరోసిస్‌ను గుర్తించవచ్చన్నది సాధారణ అభిప్రాయం. ఇది సగం సత్యం. శాశ్వత దంతాల పింగాణి పొర బాల్యంలోనే, చాలావరకు ఎనిమిదేళ్ళలోపు, రూపొందుతుంది. ఆ వయసులో మంచినీరు తాగిన వారి పళ్ళు తరువాత ఎంత ఫ్లోరైడ్ నీరు తాగినా మచ్చపడవు. ఎముకలు మాత్రం జీవితాంతం ఫ్లోరైడ్‌ను గ్రహిస్తూనే ఉంటాయి.

దీని సామాజిక పర్యవసానం గమనించదగినది. మంచినీటి ఊరిలో పుట్టి, పెళ్ళయి ఉదయగిరి మెట్టకు కాపురానికి వచ్చిన స్త్రీ పళ్ళు తెల్లగానే ఉంటాయి. ఇరవై ఏళ్ళ తరువాత ఆమె నడుము బిగుసుకుపోయి ఉండవచ్చు. గర్భసంచి శస్త్రచికిత్సకు ఆమె ఆసుపత్రికి వచ్చినప్పుడు నోరు చూసిన వైద్యునికి ఏ అనుమానమూ కలగదు. ఆమె స్వయంగా నడుమునొప్పిని ఇంటిచాకిరీ ఫలితంగానే భావించి ఉండవచ్చు. మరోవైపు, ఇక్కడ పుట్టి చిన్ననాడే నగరానికి వలస పోయినవాని పళ్ళ మీద మచ్చలున్నా వెన్ను బాగానే ఉండవచ్చు. పన్ను బాల్యంలో తాగిన నీటికి సాక్ష్యం, వెన్ను జీవితమంతా తాగిన నీటికి సాక్ష్యం. పళ్ళన్నీ రాలిన వృద్ధులలో మొదటి సాక్ష్యమే ఉండదు. కనుక పురుషుల పుట్టిన ఊరును ఆధారం చేసుకున్న పరిశీలన స్త్రీలకు చాలదు. ‘మీది ఏ ఊరు?’ అన్న ప్రశ్నతో ఆగక ‘ఎన్నేళ్ళుగా ఏ నీళ్ళు తాగుతున్నారు?’ అని అడగవలసి ఉంటుంది.

7. 2008: కలవవలసిన మూడు పత్రాలు

చికిత్సా వ్యాపత్తుల నివారణ చరిత్రలో 2008 ఈ ప్రాంతానికి సంబంధించినంతవరకు ఒక కూడలి. ఆ ఏడాది జనవరిలో భారత సుప్రీంకోర్టు ఒక తీర్పులో, చికిత్సకు ముందు దాని స్వభావం, ప్రయోజనం, ప్రత్యామ్నాయాలు, గణనీయమైన ప్రమాదాలు రోగికి తెలిపి సమ్మతి తీసుకోవాలని సూత్రీకరించింది. జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శస్త్రచికిత్సా భద్రతా పట్టికను విడుదల చేసింది. మత్తు ఇవ్వడానికి ముందే ‘శ్వాసమార్గం కష్టమైనదా?’ అని అడగడం ఆ పట్టికలోని అంశాలలో ఒకటి. 2008-09లోనే కేంద్ర ప్రభుత్వం జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. తొలి విడతలో ఎంపికైన అయిదు జిల్లాలలో నెల్లూరు ఒకటి.

మొదటి పత్రం ప్రమాదాన్ని చెప్పమన్నది. రెండవది ప్రమాదాన్ని ముందే అడగమన్నది. మూడవది ఆ ప్రమాదం ఏ ఊళ్ళలో ఉన్నదో వెదకమన్నది. మూడూ మూడు వేర్వేరు వ్యవస్థల నుండి వెలువడ్డాయి. ప్రపంచ పట్టికలో ఫ్లోరోసిస్ ప్రస్తావన ఉండదు, ఉండాలని ఆశించనూ లేము. అయితే స్థానిక అవసరాలకు తగినట్లు మార్చుకోవచ్చునని ఆ పట్టికే చెబుతున్నది. నెల్లూరు జిల్లాలో ఆ మార్పు ఏమిటో 1937 నుండీ తెలిసినదే.

ఈ కలయికకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఫ్లోరోసిస్ కార్యకర్తలు గ్రామాలలో చేయించే మూడు సులభ పరీక్షలున్నాయి. మోకాళ్ళు వంచకుండా ముందుకు వంగి పాదాలను తాకడం, గడ్డాన్ని ఛాతీకి ఆనించడం, చేతులు పక్కలకు చాచి మడిచి తల వెనుక భాగాన్ని తాకడం. వీటిలో మొదటిది నడుముకు సూది వేయబోయే వైద్యునికి, రెండవది మెడ కదలికను తెలుసుకోగోరే మత్తు వైద్యునికి కావలసిన సమాచారమే ఇస్తాయి. అనుమానం కలిగితే ముంజేతి ఎక్స్‌రే తీయవచ్చు. అక్కడి రెండు ఎముకల మధ్యపొర సున్నపుబారి కనిపించడం ఎముకల ఫ్లోరోసిస్‌కు ప్రసిద్ధమైన గుర్తు. సర్వేలో చేయించిన పరీక్షే శస్త్రచికిత్సకు ముందు కూడా పనికివస్తుందన్న గుర్తింపు ఇక్కడ కీలకం.

సమ్మతిపత్రం విషయంలో భాష కూడా వైద్యసాధనమే. ఆంగ్లంలో అచ్చయిన పత్రం మీద వేలిముద్ర వేయించడం కంటే, ‘నీళ్ళ వల్ల మీ నడుము బిగుసుకుంది, సూది దిగడం కష్టం కావచ్చు, దిగకపోతే ఇలా చేస్తాము’ అని తెలిసిన మాటలలో చెప్పడం తీర్పు ఆశయానికి దగ్గరగా ఉంటుంది. నెల్లూరులో 2014లో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడడంతో, జిల్లా వ్యాధిచరిత్రను జిల్లాలోనే బోధించగల అవకాశం కూడా కలిగింది.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. చికిత్సలో కలిగే మరణానికి కారణాన్ని ప్రయోగపూర్వకంగా వెదకవచ్చునని 1888, 1889 నాటి హైదరాబాదు కమిషన్లు చాటాయి. అయితే వాటి చూపు చికిత్సాక్షణాలకే పరిమితమయింది, రోగి శరీరాన్ని సామాన్యమైనదిగా ముందే అంగీకరించింది.

2. స్థలాన్ని బట్టి శరీరం మారుతుందన్న ఆధారాన్ని 1937 నాటి నెల్లూరు పత్రాలు ఇచ్చాయి. పన్నునూ ఎముకనూ ఒకే నీటి కథగా చూపడం వాటి ప్రత్యేకత.

3. ఆ జ్ఞానం నీటి శుద్ధి వైపు సాగినంతగా శస్త్రచికిత్స, మత్తు వైద్యం, దంతవైద్యాల పూర్వకర్మలోకి రాలేదు. నీరు మారిన తరువాత కూడా ఒక తరం పాటు ఈ అవసరం మిగిలే ఉంటుంది.

4. పంటి మచ్చ ఒక్కటే ఆధారం కారాదు. కాపురానికి వచ్చిన స్త్రీల విషయంలో అది మోసపుచ్చవచ్చు. నివాసకాలం, తాగిన నీరు, మూడు శారీరక పరీక్షలు, అవసరమైతే ముంజేతి ఎక్స్‌రే కలిసి చూడాలి.

5. సమ్మతి, భద్రతా పట్టిక, ఫ్లోరోసిస్ సర్వే అనే మూడు వ్యవస్థలను ఆసుపత్రి స్థాయిలో ఒకే కాగితం మీదికి తేవడం సాధ్యమే, అవసరం కూడా.

సుశ్రుతుని పూర్వకర్మలో శస్త్రాలను, వస్త్రాలను, మందులను ముందే సమకూర్చుకోవడం ఒక భాగం. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో ఆ జాబితాకు చేర్చవలసింది ఒక ప్రశ్న మాత్రమే: ఈ మనిషి ఇన్నేళ్ళూ ఏ బావి నీళ్ళు తాగాడు, ఏ బోరు నీళ్ళు తాగింది? ఆ ప్రశ్న వేయడానికి కావలసిన జ్ఞానాన్ని ఈ జిల్లా రోగులే తమ వెన్నులతో వైద్యశాస్త్రానికి అందించారు. దాని ఫలం వారి చికిత్సాగదికి చేరవలసి ఉన్నది.